మొదటి సెమిస్టర్ బొమ్మలు పారేయకు, తమ్ముడూ

పోయిన నవంబర్ మూడో వారంలో ఒక తమ్ముడు మా ఇంటికొచ్చాడు. గుంటూరు దగ్గర ఊరు. కాలిఫోర్నియాలోనే ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్లు చదివి మిగతా డిగ్రీకి యూనివర్సిటీకి మారే కాలేజీలో, రెండో ఏడాది చదువుతున్నాడు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో ఆర్ట్ మేజర్‌కి ట్రాన్స్‌ఫర్ కావాలని కోరిక. మార్కులు చాలా బాగున్నాయి. పోర్ట్‌ఫోలియో, అంటే దరఖాస్తుకి ఎంచిన తన బొమ్మలు, చూపించమంటే ఫోన్ తీశాడు. నాలుగు బొమ్మలున్నాయి. రెండు సినిమా హీరోల ఫోటోల మీద గళ్లు గీసి చూసి వేసినవి. మిగతా రెండు క్లాసులో వేసిన చార్‌కోల్ (బొగ్గు) బొమ్మలు, రాత్రిపూట బల్బు కింద తీసిన ఫోటోలు. కాగితమంతా పసుపు, ఒక మూల తన భుజం నీడ. అసలు బొమ్మలు ఏవిరా అంటే, "సెమిస్టర్ అయిపోయాక పారేశానన్నా, రూములో చోటు లేదు" అన్నాడు.

వాడి మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ బాధేసింది, ఎందుకంటే నేనూ అదే చేశాను. నావి పారేయలేదు, చుట్ట చుట్టి అల్మారా మీద పెట్టాను. పది నెలల తర్వాత విప్పితే బొగ్గంతా ఒకదాని మీద ఒకటి అంటుకుపోయి బూడిద రంగు మచ్చలు మిగిలాయి. ఆ ఏడాది నన్ను తీసుకోలేదు. రెండేళ్లలో అవ్వాల్సింది నాకు మూడేళ్లు పట్టింది.

ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని లెక్క ఒకటుంది. కమ్యూనిటీ కాలేజీ రెండేళ్లు కదా, రెండేళ్ల పని చూపించొచ్చు అనుకుంటావు. కాదు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, యూసీఎల్‌ఏ అందులో ఒక క్యాంపస్) దరఖాస్తు రెండో ఏడాది అక్టోబర్, నవంబర్ నెలల్లోనే పంపాలి. అంటే నీ చేతిలో ఉండేది మొదటి ఏడాది పని, ఒక వేసవి, ఇంకో కొన్ని వారాలు, అంతే. మొదటి సెమిస్టర్‌లో వేసిన బొమ్మ నేర్చుకోవడానికి వేసింది మాత్రమే కాదు, పోర్ట్‌ఫోలియోలో సగం అదే కావొచ్చు.

నా కౌన్సెలర్ మొదటి సెమిస్టర్ మొత్తం ఇంగ్లిష్, మ్యాథ్స్, హిస్టరీలతో నింపేశారు. యూనిట్ల (క్లాసులకు వచ్చే క్రెడిట్ల) లెక్కన అది తప్పు కాదు. ట్రాన్స్‌ఫర్‌కి 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి, ఇంగ్లిష్, మ్యాథ్స్ తప్పవు. కానీ అవి రెండో ఏడాదిలోకి కొంత జరపొచ్చు. బొమ్మలు వేయించే స్టూడియో క్లాసు జరిపితే బొమ్మలుండవు. అందుకే వచ్చిన మొదటి సెమిస్టర్‌లోనే డ్రాయింగ్, టూ డైమెన్షనల్ డిజైన్ తీసుకో, రెండోదాంట్లో లైఫ్ డ్రాయింగ్ (ఎదురుగా ఉన్న మనిషిని చూసి వేయడం). మూడు యూనిట్లే అని తేలిగ్గా చూడకు, క్లాసులోనే వారానికి ఆరు గంటల దాకా పోతాయి. ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో దేనికి చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో, ఎవరి మాటా నమ్మకు. ట్యాగ్ అనే గ్యారంటీ అడ్మిషన్ ఆరు యూసీలకే ఉంది. యూసీఎల్‌ఏ, బర్కిలీ, శాన్ డియాగో అందులో లేవు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉంటే సెమిస్టర్‌కి 12 యూనిట్ల కింద దిగకు. మిగతా ఫారాలు నువ్వు చూసుకోగలవు.

ఇప్పుడు ఫోటోల సంగతి. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోరు. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లు నీ బొమ్మను చూడరు, నీ బొమ్మ ఫోటోను చూస్తారు. నువ్వు నలభై గంటలు కూర్చుని వేసిన నీడలన్నీ ఫోన్ ఫ్లాష్ ఒక్క క్షణంలో తుడిచేస్తుంది. బొమ్మ పూర్తయిన వారంలోనే ఫోటో తీయి. మబ్బు పట్టిన రోజు బయట, లేదా పొద్దున పూట బిల్డింగ్ నీడలో, బొమ్మను గోడకు తిన్నగా నిలబెట్టు. కెమెరా సరిగ్గా బొమ్మ మధ్యకు ఎదురుగా, అదే ఎత్తులో ఉండాలి. పైనుంచి వంగి తీస్తే నాలుగు మూలలూ నాలుగు దారులు పడతాయి. ఫోన్ దగ్గరగా పెట్టకు, నాలుగడుగులు వెనక్కి జరిగి జూమ్ చెయ్యి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఒక ఫోటో తీసుకో, తర్వాత రంగు సరిచేసుకోవడానికి పనికొస్తుంది. ఆయిల్ పెయింటింగ్ మెరుస్తుంటే వెలుగు పక్క నుంచి వచ్చేలా తిప్పు. అప్పటికప్పుడే కొలతలు అంగుళాల్లో, దేనితో వేశావో, ఏ సంవత్సరమో రాసిపెట్టు. ఏడాది తర్వాత గుర్తుండవు.

చార్‌కోల్ బొమ్మకు ఫిక్సేటివ్ (బొగ్గు చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే) బయట గాలిలో కొట్టు, రూములో కొడితే ఊపిరాడదు. బొమ్మల మధ్యలో గ్లాసిన్ అనే నున్నటి పల్చటి కాగితం వేసి బల్లపరుపుగా మంచం కింద పెట్టు. చుట్ట చుట్టకు. చోటు లేదని నాతో అనకు, అట్ట ముక్కలు రెండుంటే మంచం కింద పాతిక బొమ్మలు పడతాయి.

ఏం వెయ్యాలి అని కూడా అడుగుతారు. మన ఊళ్లో "బొమ్మలు బాగా వేస్తాడు" అంటే ఫోటో చూసి అచ్చుగుద్దినట్టు వేస్తాడని అర్థం. నేనూ బాపు గీతలు చూసి దించుతూ పెరిగినవాణ్ణే, ఆ చేతి అలవాటు నాకు పనికొచ్చింది. కానీ ఇక్కడ ఎంపిక చేసేవాళ్లు నువ్వు కళ్లతో చూసి వేసింది, నీకంటూ ఒక ఆలోచన ఉన్నది వెతుకుతారు. నీ రూము, ఎండలో ఆరేసిన దుప్పటి, నిద్రపోతున్న రూమ్మేట్, ఇవన్నీ విషయాలే. క్లాసులో క్రిటిక్ అప్పుడు అందరి ముందూ నీ బొమ్మలో తప్పులు చెబితే మొహం మాడ్చుకోకు. మొదటి రెండు నెలలు నేను అదే చేసి, ప్రొఫెసర్ చెప్పిన ఒక్క మాట కూడా వినలేదు.

సరే, ఇంత భయపెట్టాక ఒకటి చెప్పాలి. ట్రాన్స్‌ఫర్లలో యూసీలు మొదటి ప్రాధాన్యం ఇచ్చేది కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల వాళ్లకే. హైస్కూల్ నుంచే ఆర్ట్ క్లాసులు చదివినవాళ్ల ముందు ఇంటర్ ఎంపీసీ చదివి వచ్చిన నేను ఎక్కడ నిలబడతాననుకున్నాను. నిలబడ్డాను. ఒక ఏడాది ఎక్కువ పడితే పడుతుంది, దానికి ఎవరూ నిన్ను తక్కువగా చూడరు. అమ్మానాన్నలకు ఫోన్లో వివరించడం కష్టం, ఆ మాట మాత్రం ఒప్పుకుంటాను.

ఆ తమ్ముడు యూసీఎల్‌ఏ దరఖాస్తు ఇంకో ఏడాదికి వాయిదా వేసుకున్నాడు. ఈ సెమిస్టర్‌లో లైఫ్ డ్రాయింగ్ తీసుకున్నాడు. మొన్న ఆదివారం ఒక ఫోటో పంపాడు: సింకులో కడగని గిన్నెలు, పైన కిటికీ, చార్‌కోల్‌తో. గిన్నెల అంచుల దగ్గర ఇంకా తొందర కనబడుతోంది. ఫోటో మాత్రం తిన్నగా ఉంది, కాగితం తెల్లగా ఉంది, కింద కొలతలు రాసి ఉన్నాయి.