బడి తోటలో ఆకుల అంచులు మాడుతున్నాయా? ముందు తోటకు నీళ్లిచ్చే పైపు ఎక్కడినుంచి వస్తోందో చూడండి

తిరుపతిలో ప్రభుత్వ హైస్కూల్ తోట అంటే ప్రహరీ పక్కన రెండు మూడు మడులు, మేడ మీద కొన్ని గ్రోబ్యాగులు, వారానికి ఒకటో రెండో పీరియడ్లు. నీళ్లు పోయడం, కలుపు తీయడం పిల్లలకు వచ్చు కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు; మొక్క దెబ్బతింటే కారణం ఎలా పట్టాలో మాత్రమే చూద్దాం.

విత్తనం మొలవలేదు

ప్యాకెట్టు మీద తేదీ చూశారా? చూడరు. వేసవి సెలవులంతా ఇనుప బీరువాలో ఉడికిన విత్తనాన్ని జూన్‌లో నాటి, నాటిన చెయ్యి మంచిది కాదంటారు. 20 గింజలు తడిగుడ్డలో చుట్టిపెట్టండి. బెండ, అలసంద అయితే వారంలో తేలిపోతుంది. 14 కన్నా తక్కువ మొలిస్తే ప్యాకెట్టు పారేయండి.

ఆకులు పసుపు

ముదురాకులతో మొదలైతే నత్రజని తక్కువ. చివకని పేడ వేసినా ఇలాగే అవుతుంది. బ్యాగుకు రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేసి పదిహేను రోజులు ఆగండి. లేతాకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే మట్టిలో సిమెంటు పెళ్లలు, సున్నం కలిశాయేమో తవ్వి చూడండి. కొత్త గదులు కట్టిన బడుల్లో ఇది మామూలే. సున్నం వల్ల మొక్కకు ఇనుము అందదు, యూరియాతో అది నయం కాదు. మట్టి మార్చాలి.

ముదురాకుల అంచులు కాలినట్టు మాడి, తడి ఉన్నా మధ్యాహ్నం వాడిపోతోంది

పొటాష్ లోపమని ఎరువు వేస్తారు, ఎండదెబ్బని పరదా కడతారు. బ్యాగు అంచున తెల్లటి పొర కట్టిందేమో ఒక్కరూ వేలితో గీకి చూడరు. అది ఉప్పు. ఆ ఉప్పు తెస్తున్నది చాలాచోట్ల ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్లు.

నీళ్లు వృథా కాకూడదని ఆ పైపును తోటలోకి తిప్పుతారు. ఉద్దేశం మంచిదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ పైపులోనే పోతుంది. బోరు నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 600 ఉండి, ప్లాంటు సగం నీళ్లు బయటికి తోసేస్తే, ఆ తోసేసినవి 1200కు దగ్గరగా ఉంటాయి. మొక్కలకు 450 లోపు నీళ్లతో బెంగ లేదు, 2000 దాటితే అసలు పోయకూడదు. ఆ రెండింటి మధ్య పంటను బట్టి, మట్టిలోంచి నీళ్లు కిందికి దిగిపోయే తీరును బట్టి. ప్లాంటుకు నీళ్ల కఠినత్వం తగ్గించే, ఉప్పు బస్తా వేసే సాఫ్ట్‌నర్ కూడా ఉంటే, దాన్ని కడిగిన నీళ్లు ఇంకా చెడ్డవి.

మోసం ఎక్కడంటే, మొదటి పంట బాగానే వస్తుంది. మట్టి కొత్తది, ఉప్పు ఇంకా పేరుకోలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడి ఉన్న ఉప్పును కడిగేస్తాయి, ఏదో మందు పని చేసిందనుకుంటారు. ఎండలు ముదిరేసరికి మళ్లీ మొదటికే. ముందు పోయేది బీన్స్, ముల్లంగి. బీట్‌రూట్, అలసంద కొంత తట్టుకుంటాయి. మటిక్కాయ (గోరుచిక్కుడు) ఇంకా మొండిది. పక్క పక్క మడుల్లో బీన్స్ చచ్చి మటిక్కాయ నిలబడితే సగం రోగం తెలిసినట్టే.

తేల్చుకోవడానికి జేబులో పట్టే టీడీఎస్ మీటరు చాలు. ముందు పైపు నీళ్లలో ముంచండి. తర్వాత ఆరిన మట్టి 100 గ్రాములు అర లీటరు ఆర్వో మంచినీళ్లలో కలిపి బాగా కుదిపి, అరగంట తేరనిచ్చి పైనీళ్లలో ముంచండి. మంచినీళ్ల రీడింగు తీసేయగా 200 దాటితే ఆ మట్టిలో బీన్స్ పెట్టకండి. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక పీరియడ్‌లో చేయగలిగే పని.

ఇక మరమ్మతు. ఆ పైపును మరుగుదొడ్ల శుభ్రానికి మళ్లించండి. తోటకు మున్సిపల్ నీళ్లో వాన నీళ్లో వాడండి. అవి చాలకపోతే కలపండి: 200 టీడీఎస్ నీళ్లు మూడు బిందెలకు 1200వి ఒక బిందె కలిపితే 450కి వస్తుంది.

పాత ఉప్పును మంచినీళ్లతో కిందికి కడగాలి. 20 సెంటీమీటర్ల లోతు మడికి చదరపు మీటరుకు 200 లీటర్లు, నాలుగైదు విడతలుగా, ఒక విడత ఇంకాకే ఇంకోటి. బ్యాగులైతే అడుగు రంధ్రాల నుంచి కారే నీళ్లను పట్టి కొలుస్తూ, రీడింగు పోసే నీళ్లకు దగ్గరయ్యేదాకా పోయండి. రంధ్రాలు పూడుకుని ఉంటే ఎంత కడిగినా దండగే, ముందు అవి తెరవండి. కడగడంలో ఎరువూ పోతుంది కనుక తర్వాత చదరపు మీటరుకు కిలో వర్మీకంపోస్టు వేయండి. మట్టి గట్టిపడి నీళ్లు పైనే నిలిస్తే మట్టి పరీక్షలో ఉదజని సూచిక (pH) చూపించండి. 8.5 దాటితేనే జిప్సం, అదీ పరీక్షలో చెప్పినంతే.

మిగతావి

బెండ ఆకుల ఈనెలు పసుపు వలలా కనిపిస్తే అది వైరస్, మొక్క పీకి కాల్చేయండి. ఆకులకు పట్టే పేనుబంకకు వేపనూనె. కొండ దగ్గరి బడుల్లో కోతులకు మాత్రం మందు లేదు, వల కట్టడమే.