బైబిల్ వాక్యం విన్నాక దాన్ని రోజులో పెట్టుకోవడం ఎలా

నేను రోజూ గుంటూరు నుంచి బెజవాడ బస్సులో వెళ్తాను, సీటు దొరికితే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడియో బైబిల్ వింటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే, యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో చిన్నది అదే. రోజుకి ఒక్క అధ్యాయం చాలు కానీ అదే అధ్యాయాన్ని రెండుసార్లు వినండి, మొదటిసారి మనసు సగం మంగళగిరి ట్రాఫిక్ మీదే ఉంటుంది కదా.

విన్నాక ఒక్క మాట పట్టుకోండి, ఒక్కటే. యాకోబు పత్రిక 1:19లో (ఒకటో అధ్యాయం, 19వ వచనం) వినడానికి వేగిరపడాలి, మాట్లాడ్డానికి, కోపానికి నిదానించాలి అని ఉంది, ఆ రోజు ఇంట్లో అమ్మ ఏదైనా అంటే మొత్తం వినేదాకా నోరు తెరవకుండా ఉండి చూడండి, ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

వ్యాపారం చేసేవాళ్ళకైతే బైబిల్లోనే సామెతల గ్రంథం 11:1 ఉంది, దొంగత్రాసు దేవుడికి అసహ్యం అని. మా వీధిలో ఎండుమిర్చి అమ్మే ఆంటీ పొద్దున్నే కాటా పళ్ళెం గుడ్డతో తుడిచి, ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తుందో లేదో చూసుకున్నాకే మొదటి బేరం తూస్తారు. నాకైతే అదే వాక్యం పాటించడమంటే.

ఆదివారం ప్రసంగం నోట్స్ రాసుకుంటే మంచిదే, కానీ బుధవారం మళ్ళీ తీసి చూడండి. రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఎక్కడ తప్పానో పేరు పెట్టి ప్రార్థనలో చెప్పుకోండి, ఎవరినైనా నొప్పిస్తే పొద్దున్నే ఫోన్ చేసి సారీ చెప్పండి.