వానలు మొదలవకముందే: చార్‌కోల్, పాస్టెల్ బొమ్మలకు జాగ్రత్తలు

చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మధ్యలో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. ఇంట్లో బొగ్గుతోనో (చార్‌కోల్ అంటే ఇదే) పాస్టెల్‌తోనో గీయించిన అమ్మమ్మ బొమ్మో, తాతగారి బొమ్మో ఉంటే సెప్టెంబరులోనే ఒక ఆదివారం దానికోసం కేటాయించండి. ముసురు పట్టాక ఫ్రేము విప్పి మళ్లీ బిగిస్తే తేమని లోపల పెట్టి మూసినట్టే.

ఆయిల్ పెయింటింగులో రంగు ఆరి గట్టిపడుతుంది. ఇక్కడ ఆ ధీమా లేదు. పాస్టెల్ కడ్డీ అంటే రంగు పొడి, సుద్ద, వాటిని పట్టి ఉంచేంత జిగురు. సన్న బొగ్గు కడ్డీలో ఆ జిగురు కూడా ఉండదు, అది కాల్చిన పుల్ల. కాగితం గరుకులో ఇరుక్కున్న పొడే మనం చూసే ముఖం. మా పెదనాన్న ఇక్కడ 1850లో మొదలైన చిత్రకళల కాలేజీలో చదువుకుని, పెరంబూరు చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లకు ఎన్నో బొమ్మలు గీశారు. ఆయన గీసిన మా నాయనమ్మ బొమ్మని దగ్గరగా చూస్తే జుట్టూ కనుబొమలూ బొగ్గు, పెదవులకీ బొట్టుకీ మాత్రం పాస్టెల్, చెంప మీద వెలుగు ఉన్నచోట ఉత్త కాగితం. ముక్కుపుడక మెరుపు ఒకే ఒక్క తెల్ల చుక్క. వేలు తగిలితే ముందు పోయేది ఆ చుక్కే. అందుకే ఎవరొచ్చినా ఆయన మొదటి మాట, "చూడండమ్మా, ముట్టుకోకండి."

అలాగని ఇవి నాలుగు రోజుల బొమ్మలేం కావు. ఫ్రెంచి చిత్రకారుడు లా టూర్ పాస్టెల్‌తో వేసిన ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ ప్రియురాలు మదాం ద పొంపదూర్ రూపచిత్రం 1755లో ప్రదర్శనకు వచ్చింది, ఇప్పటికీ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. బొగ్గు నలుపైతే వెలిసిపోయే రంగే కాదు. చెడేది కాగితం, ఊడేది పొడి.

మన ఊళ్లో అసలు శత్రువు నెమ్ము. గాలిలో తేమ 65, 70 శాతం దాటి అలాగే నిలిస్తే కాగితానికి బూజు పట్టే వీలుంది. వానల్లో చెన్నై ఆ గీత సులువుగా దాటేస్తుంది. కాగితానికి పూసిన సరేసూ (తయారీలో పట్టించే జిగురు), పాస్టెల్‌లోని జిగురూ బూజుకి తిండి. కాబట్టి ముందు గోడ చూడండి. బాత్రూం అవతలి గోడ, వాన జల్లు కొట్టే బయటి గోడ పనికిరావు. లోపలి గదుల మధ్య గోడకి మార్చండి. ఫ్రేము కింది రెండు మూలలకీ వెనకవైపు బిరడా ముక్కలు అంటిస్తే గోడకీ దానికీ మధ్య గాలి ఆడుతుంది. ఖర్చు దాదాపు లేదు, నా లెక్కలో ఇంతకంటే మేలు చేసేది ఇంకోటి లేదు.

ఫ్రేము షాపులో నిలబడి అడగాల్సినవి రెండు. బొమ్మ అద్దానికి ఆనుకోకూడదు, మధ్యలో మందపాటి మౌంటు, అంటే బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం ఉండాలి. ఆనుకుంటే చెమ్మకి పొడి అద్దానికే అంటుకుంటుంది. బరువు తక్కువని అద్దం బదులు మామూలు యాక్రిలిక్ షీటు వేస్తామంటే వద్దనండి. దాన్ని గుడ్డతో తుడిచినప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు పాస్టెల్ పొడిని లాగేస్తుంది. వెనక చెక్క అట్ట బదులు యాసిడ్ లేని బోర్డు దొరికితే అది వేయించండి.

పొడి ఊడకుండా పట్టి ఉంచడానికి బొమ్మ మీద కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే సంగతి చాలామంది అడుగుతారు. కొత్త చార్‌కోల్ బొమ్మకి గీసినవాళ్లే పలచగా కొడితే మంచిది. పాస్టెల్ మీద ఎక్కువైతే లేత రంగులు ముదురుగా మారతాయి. పాత బొమ్మ మీద మీరుగా ఏదీ కొట్టొద్దు. హెయిర్ స్ప్రే చాలంటారు కొందరు, అస్సలు వద్దు, కొన్నాళ్లకి కాగితం పచ్చబడుతుంది.

గీసినవాళ్లు అందుబాటులో ఉంటే ఇప్పుడే ఫోన్ చేయండి. ఏ కాగితం, ఏ కడ్డీలు, ఫిక్సేటివ్ కొట్టారా లేదా అని అడిగి, వాళ్ల పేరు, సంవత్సరంతో సహా చీటీ మీద పెన్సిల్‌తో రాసి ఫ్రేము వెనక కవర్లో పెట్టండి. చాలా ఇళ్లలో బొమ్మలో ఉన్నదెవరో తెలుసు, గీసిందెవరో తెలియదు. అది నాకు నిజంగా బాధ. పైగా రేపు బాగుచేసేవాళ్లకి ముందు కావాల్సింది ఆ వివరమే. పనిలో పనిగా పగటి వెలుతురులో మంచి ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

2015 డిసెంబరు వరదనీ, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానునీ చూసినవాళ్లం. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే తుఫాను హెచ్చరిక రాగానే బొమ్మని దించి మేడ మీది వాళ్లింట్లో పెట్టండి. మోసేటప్పుడు ముఖం పైకి ఉండేలా పడుకోబెట్టి, కుదపకుండా మొయ్యాలి.

ఇంతా చేసినా నీళ్లు తగిలితే తుడవకండి, ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ ముట్టుకోకండి. బల్లమీద వెల్లకిలా పెట్టి ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా గదిలోనే ఆరనివ్వండి. కాగితం అద్దానికి అంటుకుని ఉంటే పీకొద్దు, అలాగే అద్దంతో సహా కాగితాలు బాగుచేసే కన్జర్వేటర్ దగ్గరికి తీసుకెళ్లండి. బూజు కనిపిస్తే మాస్కు వేసుకుని ఆ ఫ్రేముని మిగతా బొమ్మలకి దూరంగా పెట్టండి. ఊదినా తుడిచినా బూజుతోపాటు ముఖమూ పోతుంది.