హోల్‌సేల్ మార్కెట్లో కూరగాయలు, పండ్లు కొనడం ఎలా?

కర్రీ పాయింట్ నడిపేవాళ్ళు, మెస్ పెట్టినవాళ్ళు, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు, అపార్ట్‌మెంట్‌లో పది కుటుంబాలు కలిసి వారానికోసారి సరుకు తెచ్చుకుందాం అనుకునేవాళ్ళు... అందరూ ఏదో ఒక రోజు హోల్‌సేల్ మార్కెట్ దారి పడతారు. అక్కడ చవగ్గా దొరుకుతుందన్నది నిజమే. కానీ చాలామంది రెండు మూడు సార్లు వెళ్ళి మానేస్తారు. ఎందుకంటే తెచ్చిన టమాటా బాక్సు ఇంట్లో కుమ్మరిస్తే కింద నాలుగైదు కిలోలు మెత్తబడి ఉంటాయి, ఆటో ఖర్చు కూడా కలిపితే వీధి చివర బండి మీద కొన్నా అంతే పడేదని తెలుస్తుంది. మార్కెట్లో చెప్పే రేటు అసలు రేటు కాదు. ఏరగా మిగిలిన సరుకు మీద కిలోకి ఎంత పడిందో అదే అసలు రేటు. ఈ ఒక్క లెక్క చేతికొస్తే తెల్లవారుజామున లేచి వెళ్ళినందుకు గిట్టుబాటవుతుంది.

1. ముందు ఏ మార్కెట్‌కి వెళ్ళాలో తేల్చుకోండి

హైదరాబాద్‌లో అయితే కూరగాయలకు బోయిన్‌పల్లి, మెహిదీపట్నం వైపు వాళ్ళకు గుడిమల్కాపూర్, ఉల్లిగడ్డకు మలక్‌పేట. పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి తరలించాక ఇప్పుడు విజయవాడ హైవే మీద బాటసింగారంలో ఉంది. ఆంధ్రలో టమాటా అంటే మదనపల్లె, ఉల్లి అంటే కర్నూలు, అరటి గెలలంటే రావులపాలెం, మామిడి సీజన్లో విజయవాడ పక్కన నున్న. రైతు బజార్లు హోల్‌సేల్ కాదు, అయినా అక్కడ బోర్డు మీద రోజూ రాసే ధరలు మనకు చాలా పనికొస్తాయి, ఆ సంగతి కింద చెప్తాను. పది కిలోల లోపు కావాలంటే మాత్రం హోల్‌సేల్ ఆలోచన వద్దు, రైతు బజారే నయం.

2. ఏ నెలలో ఏది ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి

ఇది నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది, కానీ రేట్ల గుట్టంతా ఇక్కడే ఉంది.

టమాటానే తీసుకోండి. చలికాలంలో హైదరాబాద్ చుట్టుపక్కల చేవెళ్ళ, వికారాబాద్ వైపు నుంచి లోకల్ కాయ బాగా వస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రేటు నేలమీద ఉంటుంది, కొన్నిసార్లు రైతుకు కోత కూలి కూడా రాదు. ఎండలు ముదిరితే మన మైదానాల్లో పూత రాలిపోతుంది. అప్పుడు కాస్త చల్లగా ఉండే మదనపల్లె, దాని పక్కనే కర్ణాటకలోని కోలారు, ఈ రెండే దిక్కు. అక్కడ పంటకు తెగులు వచ్చినా, వానలు ముంచినా దేశమంతా రేటు లేస్తుంది. 2023 జులైలో జరిగింది ఇదే. కిలో 100 దాటి ఇంకా పైకి పోయింది, అదే టమాటాను సెప్టెంబరుకల్లా రైతులు గిట్టక రోడ్డు మీద పారబోశారు. రేటు పెరగ్గానే అందరూ నారు నాటేస్తారు, నాటిన రెండు, రెండున్నర నెలలకు ఆ కాయంతా ఒకేసారి మార్కెట్ మీద పడుతుంది. అందుకే టమాటా రేటు బాగా పెరిగిన రోజు నుంచి వేళ్ళ మీద రెండున్నర నెలలు లెక్కపెట్టుకోండి. వానలు చెడగొట్టకపోతే ఈ లెక్క చాలాసార్లు సరిపోతుంది.

ఉల్లిది వేరే కథ. యాసంగి ఉల్లి మార్చి నుంచి మే మధ్య తవ్వుతారు, అదే నిల్వ ఉండే గడ్డ. దాన్నే అక్టోబరు దాకా సర్దుకుంటూ తింటాం. ఆ నిల్వ అడుగంటి కొత్త ఖరీఫ్ గడ్డ ఇంకా పూర్తిగా రాని సెప్టెంబరు నుంచి నవంబరు వరకు గండం. ఆ సమయంలో మహారాష్ట్రలో వాన పడితే ఇక చెప్పక్కర్లేదు, 2019 చివర్లో కిలో 100 దాటింది అలాగే. ఆగస్టు, సెప్టెంబరుల్లో కర్నూలు గడ్డ చవగ్గా కనిపిస్తుంది, కొనండి, కానీ దాంట్లో నీరు ఎక్కువ, వారం పది రోజుల్లో వాడేయాలి. ఆ సంగతి తెలియక నేను ఒక వానాకాలం మూడు బస్తాలు తెచ్చి గోడ పక్కన పేర్చాను, పదిహేను రోజులకే ఇల్లంతా వాసన, ఒకటిన్నర బస్తా పారేశాం. నిల్వ పెట్టాలంటే ఏప్రిల్, మే నెలల్లో బాగా ఎండిన గడ్డే తేవాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మునగకాయ చలికాలంలో ఆకాశంలో ఉంటుంది, మార్చి దాటితే దిగుతుంది. పచ్చి బఠాణీ, కాలీఫ్లవర్, చిక్కుడు చలికాలం సరుకు. కొత్తిమీర మండు వేసవిలోనూ జోరు వానల్లోనూ పిరం. ఆలుగడ్డ కొత్తది ఫిబ్రవరి, మార్చిలో ఉత్తరాది నుంచి వస్తుంది, ఆ తర్వాత మనం తినేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ గడ్డే. పండ్లలో ద్రాక్ష జనవరి నుంచి ఏప్రిల్, పుచ్చకాయ ఎండాకాలం, బంగినపల్లి ఏప్రిల్ నుంచి జూన్, సీతాఫలం దసరా, దీపావళి రోజులు. ఆపిల్ ఆగస్టు నుంచి నవంబరు దాకా తోట కాయ, ఎండాకాలంలో దొరికే దేశీ ఆపిల్ నెలల తరబడి స్టోరేజీలో ఉన్నదే.

పంటల క్యాలెండర్‌తో పాటు పంచాంగం కూడా చూడాలి. వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి ముందు రెండు రోజులు అరటిపండ్లు ముట్టుకోలేం. కార్తీక మాసంలో మాంసం మానేసేవాళ్ళు, అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళు పెరుగుతారు, కూరగాయలన్నీ నాలుగు రూపాయలు ఎక్కుతాయి. రంజాన్ నెలలో పుచ్చకాయ, బొప్పాయి, అరటి గిరాకీ. పెళ్ళి ముహూర్తాలు వరసగా ఉన్న వారం బీన్స్, క్యారెట్, క్యాప్సికం పెరుగుతాయి, మూఢం వస్తే దిగుతాయి. ఫంక్షన్ మీదే అయితే తేదీ మార్చుకోలేరు కానీ మెనూ మార్చుకోవచ్చు కదా.

3. వెళ్ళే ముందు రాత్రి రేటు చూసుకోండి

కేంద్ర ప్రభుత్వం నడిపే అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో మార్కెట్ల వారీగా ధరలు ఉంటాయి. అవి క్వింటాలుకు ఇస్తారు, వందతో భాగిస్తే కిలో ధర. 2,400 అని ఉంటే కిలో 24. కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు అంకెలు కనిపిస్తాయి, మోడల్ అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, మీరు పట్టుకోవాల్సింది దాన్నే. పక్కనే ఎన్ని టన్నులు వచ్చిందో కూడా కనిపిస్తే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడండి. రెండు మూడు రోజులుగా రాక తగ్గుతూ ఉంటే రేపు రేటు పెరిగే సూచన, కాబట్టి ఈ రోజే కొంచెం ఎక్కువ తెచ్చుకోవచ్చు. రాక పెరుగుతుంటే తొందర వద్దు. ఇది లేకపోతే మీ దగ్గర్లోని రైతు బజార్ బోర్డు ఫొటో తీసుకోండి. హోల్‌సేల్‌లో మీకు చెప్పే ధర ఆ బోర్డు ధర కంటే బాగా తక్కువ ఉండకపోతే, అన్ని కిలోలు మోసుకొచ్చే శ్రమ దండగ.

4. సరుకు చూడటం

ఎప్పుడు వెళ్ళాలి? మంచి రకం కావాలంటే తెల్లారకముందే. చవక కావాలి, ఈ రోజే వండేస్తాం అంటే మార్కెట్ సద్దుమణిగే వేళకి వెళ్ళండి, ముఖ్యంగా ఆకుకూరలు అప్పుడు దాదాపు సగానికి ఇస్తారు. రెండూ ఒకేసారి దొరకవు.

కొట్టు ముందు నిలబడగానే పైవరస చూసి మురిసిపోవద్దు. పైన పేర్చేది ఎప్పుడూ మంచి కాయే. "అన్నా, అడుగుది చూపెట్టు" అని అడగండి, లేదా ఖాళీ బాక్సు పక్కన పెట్టి అందులోకి ఒంపమనండి. ఒంపనివ్వని కొట్టు దగ్గర ఆగకండి.

టమాటా గట్టిగా, తొడిమ పచ్చగా ఉండాలి. మూడు రోజులు వాడుకునేదైతే సగం దోరకాయ, సగం పండు కలిపి తీసుకోండి, మొత్తం ఎర్రగా ఉన్నది రేపటికే కారుతుంది. వాన పడిన మర్నాడు వచ్చే కాయ తొడిమ చుట్టూ పగిలి ఉందేమో చూడండి. వంకాయ నిగనిగలాడుతూ, సైజుకి తగ్గ బరువు కన్నా కాస్త తేలిగ్గా ఉంటే లేతది, బరువైతే గింజ ముదిరింది. బెండ కొన పుటుక్కున విరగాలి. దొండ రెండు కోసి చూస్తే చాలు, లోపల ఎరుపు తిరిగితే వద్దు. ఉల్లి మెడ దగ్గర బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగిందంటే లోపల కుళ్ళు మొదలైనట్టే. ఆలు పచ్చబడితే అస్సలు వద్దు, అది ఆరోగ్యానికి మంచిది కాదు. ఇంకో సంగతి, చల్లటి స్టోరేజీలో ఉన్న గడ్డ తియ్యబడుతుంది, వేపుడు వేస్తే నల్లగా మాడినట్టు వస్తుంది. చిప్స్, వేపుళ్ళు చేసేవాళ్ళు ఒక గడ్డ అక్కడే కొరికి చూడాలి.

పండ్లలో జాగ్రత్తంతా మామిడితోనే. మార్చిలో కనిపించే పసుపు పచ్చ బంగినపల్లి చాలావరకు ముదరని కాయని కోసి మగ్గబెట్టిందే. ముదిరిన కాయకి తొడిమ దగ్గర భుజాలు నిండుగా పైకి లేచి ఉంటాయి, నీళ్ళలో వేస్తే మునుగుతుంది, లేతది తేలుతుంది. కార్బైడ్ పెట్టి మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువుతో, అదీ 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దాటకుండా మాత్రమే మగ్గబెట్టొచ్చు. కాయలన్నీ ఒకే రంగులో మెరుస్తూ, వాసన లేకుండా, కోస్తే టెంక దగ్గర తెల్లగా పుల్లగా ఉంటే అనుమానించండి. నా సలహా అయితే పచ్చికాయే కొనండి, ఇంట్లో వరిగడ్డిలో పెట్టుకోండి, నాలుగైదు రోజులు ఆగితే పోయేదేముంది? పిల్లలు తినే పండు ఇది. తొలకరి వానలు పడ్డాక వచ్చే మామిడిలో మాత్రం పురుగు ఎక్కువ, అప్పుడు ప్రతి బాక్సులో ఒకటి కోసి చూడాల్సిందే.

బత్తాయి పలచటి తోలుతో బరువుగా ఉండాలి, తోలు మందంగా ఉబ్బినట్టుంటే రసం రాదు. పుచ్చకాయ నేల తగిలిన చోట పసుపు మచ్చ ఉంటే పండింది, తెల్ల మచ్చ అయితే తొందరపడి కోసింది. అరటి గెలలో కాయ అంచులు కోసుగా ఉంటే ఇంకా నిండలేదు, గుండ్రం తిరగాలి.

5. అసలు రేటు లెక్కేయండి

25 కిలోల టమాటా బాక్సు ఒక కొట్టులో 500, పక్క కొట్టులో 575 అనుకుందాం. హమాలీ, ఆటో కలిపి బాక్సుకి 50 పడుతుంది. చవక బాక్సులో ఏరి పారేయగా 4 కిలోలు పోతే మిగిలేది 21, ఖర్చు 550, కిలో 26 పైచిలుకు. ఖరీదు బాక్సులో ఒక్క కిలోనే పోతే మిగిలేది 24, ఖర్చు 625, కిలో 26. రెండూ ఒకటే. ఏరే పని, ఆ పనికి పట్టే గంట, కూరలో రుచి, ఇవి కలుపుకుంటే 575 బాక్సే చవక. ఒంపి చూసినప్పుడు ఎన్ని పోతాయో కంటితో అంచనా వేసి, ఫోన్‌లో ఈ లెక్క కట్టి, అప్పుడు బేరం మొదలుపెట్టండి. చట్నీకో, సాస్‌కో అయితే రెండో రకం తీసుకోవడంలో తప్పేమీ లేదు, కానీ దాన్ని రెండో రకం ధరకే అడగాలి.

6. బేరం, తూకం, చీటీ

కనీసం నాలుగు కొట్లు తిరిగాకే నోరు విప్పండి. "ఒక్క బాక్సుకి ఎంత" అని కాకుండా "ఐదు తీసుకుంటే ఎంతకిస్తారు" అని అడగండి, రేటు అక్కడే దిగుతుంది. అపార్ట్‌మెంట్ వాళ్ళు కలిసి వెళ్ళాలని చెప్పేది అందుకే. ధర కుదిరాక తూకం ముందు ఖాళీ బాక్సు బరువు తీయించండి, లేకపోతే ప్లాస్టిక్‌ని టమాటా రేటుకి కొన్నట్టవుతుంది. తరుగు కింద తూకంలో ఎంత బరువు తీసేస్తారో, హమాలీ ఎవరిదో, బాక్సుకి డిపాజిట్ ఉందో లేదో అప్పుడే అడిగేయండి. చీటీ రాయించుకోండి, దాంట్లో బరువు, రేటు, కొట్టు నంబరు ఉండాలి. మొదటిసారే అప్పు అడగొద్దు. నాలుగు సార్లు నగదు ఇచ్చి కొంటే ఐదోసారి ఆయనే "ఈ రోజు బెండ వద్దక్కా, ముదిరింది, రేపు రండి" అని చెప్తాడు. ఆ మాట ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

7. తెచ్చాక

బస్తాలు, కవర్లు ఆ రోజే విప్పేయండి, సరుకుకి గాలి ఆడాలి. ఆకుకూర తడి లేకుండా ఆరబెట్టి గుడ్డలో చుట్టండి. పచ్చి టమాటా, అరటి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, రంగు చెడి మగ్గకుండా పోతాయి. ఉల్లి, ఆలు పక్కపక్కన వద్దు, ఆలు చెమ్మ తగిలి ఉల్లి త్వరగా పాడవుతుంది. మగ్గుతున్న మామిడి, అరటి దగ్గర ఆకుకూర పెడితే ఒక్క రాత్రిలో పసుపు తిరుగుతుంది. ఇక ఒక చిన్న నోట్‌బుక్కులో తేదీ, సరుకు, బాక్సు రేటు, ఎన్ని కిలోలు పారేశారో, చివరికి కిలోకి ఎంత పడిందో రాయండి. తర్వాతిసారి వెళ్ళేటప్పుడు ఆ నోట్‌బుక్కుతో పాటు ఖాళీ బాక్సులు మర్చిపోకండి, డిపాజిట్ తిరిగి రావాలిగా.