సెకండ్ హ్యాండ్ బండి కొన్నారా? వానలు ముదరకముందే ఈ పనులు చేయించెయ్యండి

మే నెలాఖరుకి మన కోనసీమలోనూ, అటు పాలకొల్లు భీమవరం సైడూ పాత బండ్ల బేరాలు ఊపందుకుంటాయి. పిల్లలకి కాలేజీలు మొదలయ్యే టైము, దాళ్వా (రెండో పంట) డబ్బులు చేతికొచ్చే టైము, ఇంట్లో నాన్నగారో మావయ్యగారో సరేలేరా ఏదో ఒక బండి చూడు అంటారు, మనవాడు వెంటనే స్ప్లెండరో షైనో పల్సరో ఇంటికి తెచ్చేస్తాడు. బాగానే ఉంటది. కానీ బండి చేతికి అలవాటయ్యేలోపే వానలు దిగిపోతాయి, జులై వచ్చేసరికి గోదారికి ఎర్రనీళ్ళు వచ్చేస్తాయి. కొత్తగా నడిపేవాడు, పాత బండి, తడి రోడ్డు, ఈ మూడూ మన దగ్గర ఒకే నెలలో కలుస్తాయండి, నా భయం అదే.

అందుకే ముందే ఒక్క మాట చెప్పేస్తాను. చేతిలో ఉన్న మొదటి డబ్బు టైర్లకి, బ్రేకులకి, హెడ్‌లైటుకి పెట్టండి. ఈ మూడూ సరిగ్గా అయ్యేదాకా సైలెన్సర్ మార్చడం, స్టిక్కరింగ్, వెడల్పు టైరు, ఇవేవీ వద్దు. బండి కొన్న ఆనందంలో కుర్రాళ్ళందరూ దీనికి తలకిందులుగా చేస్తారు.

ఇంకా కొనకుండా చూస్తూనే ఉంటే ముందు ఆ బండి వరదలో మునిగిందా లేదా చూడండి. 2022 జులైలో గోదారి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులకి పైగా వరద వచ్చినప్పుడు లంక ఊళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి, అలా మునిగిన బండ్లు కడిగి పాలిష్ కొట్టి అమ్మేస్తే పైకి ఏమీ తెలీదు. సీటు తీసి కింద ఇనుప రేకు చూడండి, మూలల్లో సన్నటి ఒండ్రు పేరుకుని ఉంటది. మీటర్ అద్దం లోపల నీటి చారలు, హెడ్‌లైటు డూమ్‌లో (బల్బు చుట్టూ మెరిసే గిన్నెలో) మట్టి గీత, వైర్ల కప్లింగ్ ఊడదీస్తే పచ్చగా పట్టిన చిలుము, ఇందులో రెండు కనిపించినా ఆ బేరం వదిలెయ్యండి. వైరింగ్ ఒకసారి నీళ్ళు తాగిందంటే ప్రతి వర్షాకాలం ఏదో ఒకటి పోతూనే ఉంటది.

నంబర్ ప్లేటు కూడా ఒక విషయం చెబుతుంది. ఏపీ 39 అని రాష్ట్రం మొత్తానికి ఒకటే సిరీస్ వచ్చింది 2019లో. కాబట్టి ఏపీ 05 అన్నా ఏపీ 37 అన్నా అంతకు ముందు బండే. కొత్త బండ్లన్నిటికీ 125 సీసీ దాటితే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం పట్టెయ్యకుండా చూసేది), దాటకపోతే కనీసం సీబీఎస్ (ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకీ పట్టేది) తప్పనిసరి అయింది కూడా 2019 ఏప్రిల్ నుంచే. అంటే ఆ పాత నంబరు బండ్లలో చాలావాటికి ఈ రెండూ ఉండవు, తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు నొక్కితే చక్రం పట్టేసి జారిపోద్ది, దాన్ని ఆపాల్సింది మీ చెయ్యి, మీ కాలే. ఇది తెలిసి నడిపితే పర్లేదు.

టైర్ల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అమ్మేవాళ్ళు ఎక్కువ దాచేది ఇక్కడే. టైరు పక్కన గోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా సరే, ఐదారేళ్ళు దాటిన టైరు రబ్బరు గట్టిపడిపోద్ది, ఎండలో తేడా తెలీదు కానీ వాన పడ్డాక తారు రోడ్డు మీద పట్టు ఉండదు. గోడ మీద సన్నటి పగుళ్ళు ఉన్నాయేమో కూడా చూడండి. గాడుల మధ్యలో అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానం అయిపోయిందంటే ఇంక ఆలోచించక్కర్లేదు, మార్చెయ్యడమే. అరిగిన టైరుకి వేడి కత్తితో గాట్లు కొట్టించి కొత్తదిలా చూపించేవాళ్ళు ఉంటారు, గాడి అడుగున దారాలు కనపడుతున్నా, గాట్ల లోతు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉన్నా అది అదే. కొత్తవి వేయించినప్పుడు కంపెనీ ఇచ్చిన సైజే వేయించండి. వెడల్పు టైరు వేస్తే అందంగా ఉంటదని వేస్తారు, అది చైన్ కవరుకి రాసుకుంటది, మైలేజీ పోద్ది, నీళ్ళు నిలిచిన చోట సన్న టైరులా నీటిని కోసుకుని పోదు, పైన తేలుతుంది.

గాలి గురించి ఒక తప్పుడు సలహా బాగా తిరుగుతా ఉంటది, వానల్లో గాలి తగ్గిస్తే గ్రిప్ వస్తదని. పొలం పుంతలో బురదలోకి దిగితే ఏమో గానీ తారు రోడ్డు మీద మాత్రం అది ప్రమాదం, గాలి తగ్గిన టైరు నీటి మీద ఇంకా త్వరగా తేలుతుంది. చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యి) మీదో స్టిక్కరు ఉంటది, ఒక్కరు ఎక్కితే ఎంత, ఇద్దరెక్కితే ఎంత అని, అదే పట్టించండి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. మామూలు 100 సీసీ బండికి ముందు 25 పీఎస్ఐ దగ్గర ఉంటది, వెనక ఇంకా ఎక్కువ.

బ్రేకులు. డ్రమ్ బ్రేకు అయితే ప్లేటు మీద చిన్న బాణం గుర్తు ఉంటది, బ్రేకు పూర్తిగా నొక్కి పట్టుకుని చూస్తే ఆ బాణం చివరి గీత దాకా వెళ్ళిపోయిందంటే షూస్ (డ్రమ్ము లోపల రాసుకుని బండిని ఆపే ముక్కలు) అయిపోయినట్టే. రాడ్డు చివర నట్టు బిగించేసి బ్రేకు బాగుందండి అని అమ్మేస్తారు, నట్టు ఎంత బిగించినా అరిగిన షూ పెరగదు కదా. చక్రం ఊడదీయించి, డ్రమ్ము లోపల దుమ్ము దులిపి, క్యామ్‌కి కొంచెమే గ్రీజు పెట్టించండి, గ్రీజు ఎండిపోతే వానలకి తుప్పు పట్టి బ్రేకు నొక్కాక వెనక్కి రాదు. డిస్కు అయితే ప్యాడ్‌లో గాడి మిగిలిందా చూడండి, పైన డబ్బాలో ఆయిల్ నల్లగా ఉంటే మార్పించండి, ఎందుకంటే బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటది, మన ఊళ్ళలో తేమ తక్కువేం కాదు. రెండేళ్ళకోసారి మార్చాలి, మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఏది రాసుంటే అదే పోయించండి. ముందు ఫోర్క్ ఆయిల్ సీలు కారుతుందేమో కూడా అక్కడే చూసేయండి, ఆ ఆయిల్ డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు.

ఇంకో మాట, కొత్తవాళ్ళు ముందు బ్రేకంటే భయపడి వెనక బ్రేకు మీదే కాలేసి నడిపేస్తారు. వానలో వెనక చక్రం ఒక్కటే పట్టేసి బండి పక్కకి ఊడిపోయేది అందుకే. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి పెంచుతూ నొక్కాలి, బండి నిటారుగా ఉన్నప్పుడే నొక్కాలి. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకుని, పక్కన పెద్దవాళ్ళని ఎవర్నైనా నిలబెట్టుకుని తడి రోడ్డు మీద తక్కువ స్పీడులో ప్రాక్టీసు చెయ్యండి. నీళ్ళలోంచి బయటికొచ్చాక బ్రేకులు రెండూ తేలిగ్గా నొక్కిపెట్టి కొంత దూరం పోనివ్వండి, డ్రమ్ము ఆరేదాకా బ్రేకు ఉందని నమ్మకండి.

ఇంజన్ ఆయిల్ మొన్నే మార్చానండి అని అమ్మినాయన చెప్పినా సరే, కొన్న వెంటనే మార్చేయండి. హీరో హోండాలకి ఎక్కువగా 10డబ్ల్యూ-30, బజాజ్‌లకి 20డబ్ల్యూ-50, మీ బండి పుస్తకం ఏం చెప్తే అది. డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ (బైకు క్లచ్‌కి పనికొచ్చే ఆయిల్ అని గుర్తు) ఉండాలి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారిపోద్ది. దించిన ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే ఇంజన్లోకి నీళ్ళు వెళ్ళాయని, అప్పుడు ఎక్కణ్ణించి వెళ్ళాయో తేలేదాకా బండి తియ్యకండి. ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చడమే మంచిది, కొన్ని హీరో హోండా బండ్లలో జిడ్డు పూసిన పేపర్ ఫిల్టర్ ఉంటది, దాన్ని గాలి కొట్టి శుభ్రం చేస్తే పాడైపోద్ది.

చైన్ సెట్‌లో పళ్ళు ఒకవైపుకి వంగి కొక్కేల్లా అయితే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగానే మార్చండి, ఒక్క చైను మారిస్తే నాలుగు నెలలు కూడా రాదు. పూర్తి కవరున్న బండ్లలో లోపల ఏముందో కనపడదు, తీయించి చూడండి. వానలో తిరిగిన రోజు సాయంత్రం చైను తుడిచి గేర్ ఆయిల్ రాయండి. తుడిచేటప్పుడు ఇంజన్ ఆన్‌లో పెట్టి గేరు వేసి గుడ్డ పట్టుకోవడం మాత్రం ప్రాణం పోయినా చెయ్యకండి, వేళ్ళు పోతాయి. బండి సెంటర్ స్టాండ్ వేసి చేత్తోనే చక్రం తిప్పుకోండి.

వానలో బండి ఆగిపోతుందని చాలామంది కార్బొరేటర్ మీద పడతారు. పాత బండ్లలో ముందు చూడాల్సింది ప్లగ్ క్యాపు, వైరు. రబ్బరు పగిలితే అందులోంచి నీళ్ళు దిగి కరెంటు బయటికి పోద్ది. చీకట్లో ఇంజన్ ఆన్ చేసి, చెయ్యి తగలకుండా దూరం నుంచి నాలుగు చుక్కలు చిలకరించి చూస్తే నీలంగా మెరుస్తది, మెరిస్తే క్యాపు మార్చండి, పెద్ద ఖర్చు కాదు. ఆ తర్వాత పెట్రోల్ మూత. మూత చుట్టూ గాడిలో నీళ్ళు పోవడానికి చిన్న బొక్క ఉంటది, అది దుమ్ముతో మూసుకుపోతే వాన నీళ్ళు ట్యాంకులోకే దిగుతాయి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, నీళ్ళు ఎక్కువ చేరితే ఆ ఇథనాలూ నీళ్ళూ కలిసి అడుగుకి దిగిపోతాయి, ఇంజన్‌కి ముందు వెళ్ళేది అదే. సన్నటి తీగతో బొక్క పొడిచేస్తే సరిపోయేదానికి ట్యాంకు దించేదాకా తెచ్చుకోవద్దు.

హెడ్‌లైటు డల్‌గా ఉంటే వెంటనే తెల్ల ఎల్ఈడీ పెట్టేస్తారు. ముందు బ్యాటరీ చూపించండి, డూమ్ లోపల మసకబారిందేమో చూడండి, డూమ్ మార్చి కంపెనీ వాట్ల బల్బే వేసినా సగం సమస్య పోద్ది. రాత్రిపూట కాలవ గట్టు రోడ్డు మీద ఒకపక్క కాలవ, ఒకపక్క బోది, మధ్యలో రెండు బండ్లు పట్టే దారి, అక్కడ ఎదురొచ్చేవాడి కళ్ళలో మీ తెల్ల లైటు కొడితే వాడు కాలవలోకి పోతాడు. అదే లైటు వేసుకుని వాడొస్తే మీరు పోతారు. డిమ్ వెయ్యడం అలవాటు చేసుకోండి.

రోడ్డు మీదికొస్తే, మన దగ్గర జారే చోట్లు వేరు. నాట్ల టైములో దమ్ము చేసిన ట్రాక్టర్లు చేలోంచి నేరుగా రోడ్డెక్కుతాయి, ఒండ్రు మట్టి తారు మీద పరుచుకుంటది, దాని మీద చినుకు పడితే మనిషే నిలబడలేడు. చేపలు రొయ్యల లారీల నుంచి ఐసు నీళ్ళు కారే మలుపులు, తడిసిన కొబ్బరి మట్టలు, వంతెనల మీద ఇనుప జాయింట్లు, ఇక్కడ వంచకుండా బ్రేకు నొక్కకుండా నిటారుగా దాటాలి. చించినాడ వంతెన మీద, ఎదుర్లంక వంతెన మీద గాలి పక్కనుంచి కొట్టేటప్పుడు స్పీడు తగ్గించండి, తేలిక బండి లైను మారిపోద్ది. నర్సాపురం సఖినేటిపల్లి మధ్య తిరిగే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కేటప్పుడు దిగి తోసుకుంటూ ఎక్కించండి, తడి చెక్కల మీద నడుపుతూ ఎక్కొద్దు.

నిలిచిన నీళ్ళలో వెళ్ళక తప్పకపోతే ముందు మనిషి నడిచి చూడాలి, ఇరుసు దాటి నీళ్ళుంటే వద్దు. ఫస్ట్ గేరు, ఒకే లెవెల్లో ఎక్సలేటర్, మధ్యలో వదలకూడదు, వదిలితే సైలెన్సర్లోకి నీళ్ళు వస్తాయి. ఆగిపోయిందా, సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోద్ది. తోసుకుని బయటికి తెచ్చి, ప్లగ్ విప్పి, నాలుగైదుసార్లు కిక్ కొట్టి నీళ్ళు పోగొట్టి, ఆయిల్ చూసి అప్పుడు. పారే నీళ్ళు మాత్రం వేరే లెక్క. కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే లోతు ఎంతైనా బండి దింపొద్దు, ఎదుటి ఒడ్డు ఎంత దగ్గర కనపడినా వద్దు, అవతల ఎవరో దాటారని అస్సలు వద్దు. ప్రవాహం చక్రాలని పక్కకి తోస్తది, కింద రోడ్డు కొట్టుకుపోయిందో లేదో పైనుంచి తెలీదు. అమ్మ దగ్గర తిట్లు తింటే తిన్నారు, ఆ రాత్రికి చుట్టాలింట్లో ఉండిపోండి.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫైనాన్సు, చలానాలు చూడండి. బండి మీ పేరుకి మారడానికి 29, 30 ఫారాలు, ఫైనాన్సు తీరిపోయిందంటే 35 ఫారం, ఫైనాన్సు వాళ్ళ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కావాలి. ఇన్సూరెన్సు పేరు మార్పిడికి 14 రోజుల్లో అప్లై చెయ్యాలి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వరదలో మునిగిన బండికి రూపాయి రాదు, లంకల్లో ఉండేవాళ్ళు ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి ఇచ్చే ఇన్సూరెన్సు) కూడా తీసుకోండి, మునిగాక స్టార్ట్ చేసి ఇంజన్ పాడుచేసుకుంటే అదీ ఇవ్వం అనే అవకాశం ఉంది. హెల్మెట్ ఐఎస్ఐ మార్కుది, వెనక కూర్చునేవాళ్ళకీ ఒకటి, వైజర్ గీతలు పడితే వానలో ఏమీ కనపడదు, వైజర్ ఒక్కటే దొరుకుద్ది, మార్చుకోండి. వెనక అమ్మో చెల్లో ఎక్కుతారు కాబట్టి చీర గార్డు పీకించొద్దు.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉంటే రెండోది వచ్చేదాకా ఆగకుండా మొదటి హెచ్చరికకే బండి ఏటిగట్టు ఇవతల తెలిసినవాళ్ళింట్లో పెట్టేసి రండి. బండి బయటికి తీసుకురాలేని పరిస్థితైతే బ్యాటరీ విప్పి ఇంట్లో ఎత్తు మీద పెట్టండి, సైలెన్సర్ మూతిలో గుడ్డ కూరి పైన పాలిథిన్ కట్టండి, పెట్రోల్ కాక్ ఆపండి, కొట్టుకుపోకుండా కొబ్బరి చెట్టుకి గట్టి తాడేసి కట్టి, మీరు మాత్రం బండి కోసం ఆగకుండా బయల్దేరండి.