ఎయిర్ ఫిల్టర్‌లో ఆయిల్ కనిపిస్తే వెంటనే ఇంజిన్ విప్పించకండి

మా చిత్తూరు వైపు మామిడి తోటల్లో పాత వీడర్లు, పంపు ఇంజిన్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. ఫిల్టర్ ఆయిల్‌తో తడిసిందంటే "బోరు (సిలిండర్ లోపలి గోడ) పోయింది" అనేస్తారు. ముందు ఆయిల్ లెవెల్ చూడండి, ఎక్కువ పోసినా ఆయిల్ ఫిల్టర్‌లోకి వస్తుంది. బండి సమతలంగా ఉండాలి. ఆయిల్ కొలిచే స్టిక్కును మర బిగించి చూడాలో, బిగించకుండా ఆనించి చూడాలో ఇంజిన్‌ను బట్టి ఉంటుంది, ఇక్కడే లెక్క తప్పి ఎక్కువ పోసేస్తారు.

పోయకుండానే లెవెల్ పెరిగిందా? స్టిక్కు వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే కార్బురేటర్ నీడిల్ (లోపలికి వచ్చే పెట్రోల్‌ను ఆపే సూది) కారుతున్నట్టు. ఆ ఆయిల్‌తో ఇంజిన్ తిప్పొద్దు. కారడం ఆపి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయండి. ఫిల్టర్ వైపు కిందికి వచ్చేలా బండిని పడుకోబెట్టినా ఆయిల్ అటే వస్తుంది, అది జబ్బు కాదు.

ఇవేవీ కాకపోతే బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలిని ఫిల్టర్ వైపు వదిలే పైపు) విప్పి శుభ్రం చేయండి. విప్పి ఉండగానే ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి, పైపు చివర చూడండి. సింగిల్ సిలిండర్ కాబట్టి కొంచెం గాలి తన్నడం మామూలే. పొగ, ఆయిల్ తుంపర్లు ఆగకుండా వస్తే పిస్టన్ రింగుల మీద అనుమానం.

నిర్ధారణకు కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) కొలిచి, ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. బాగా పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు చూపించండి. కొలిచేటప్పుడు ప్లగ్ రంధ్రానికి ఎదురుగా ముఖం పెట్టకండి.