కొత్త పికప్‌కి సామాన్లు బిగించాలా? వారంటీ పోకుండా చేసుకునే పద్ధతి

బయట సామాను ఏది బిగించినా వారంటీ మొత్తం పోతుందని చాలామంది ఓనర్లు భయపడతారు. "ఏం కాదన్నా, అందరూ వేయించుకుంటున్నారు" అని ఫిట్టర్లు ధైర్యం చెబుతారు. రెండూ నమ్మదగ్గ మాటలు కావు. మార్పు వల్ల ఏ భాగం చెడిందో ఆ భాగానికి వారంటీ ఇవ్వబోమన్నదే బుక్‌లెట్లలో సాధారణంగా కనిపించే షరతు. అంటే వైరు ఎక్కడ కోశారో, రేకుకి ఎక్కడ చిల్లు పెట్టారో, ఏ స్ప్రింగు మీద మోయలేనంత బరువు వేశారో అక్కడే గొడవ మొదలవుతుంది. అందుకని ప్రతి ఫిట్టింగుకి ముందు ఒక్కటి చూసుకోండి: దీన్ని రేపు విప్పేస్తే బండి షోరూం నుంచి వచ్చినట్టే ఉంటుందా? ఉంటుందంటే బిగించండి. ఉండదంటే వారంటీ ఉన్నన్నాళ్లూ ఆగండి.

హైలక్స్, వి-క్రాస్ లాంటి సొంత వాడకం బండ్లకి, బొలెరో పికప్, యోధా లాంటి సరుకు బండ్లకి కూడా ఇదే లెక్క.

మొదటి సర్వీసు దాకా ఏమీ ముట్టుకోవద్దు

మొదటి 1,000 కిలోమీటర్లు బండిని ఉన్నదున్నట్టు నడపండి. ఓఆర్ఆర్ మీద 80 దాటాక స్టీరింగ్ వణికినా, బ్రేకు ఒక పక్కకి లాగినా, ఎక్కడైనా నీళ్లు కారినా ఈ లోపే బయటపడుతుంది. టైర్లు మార్చేశాక అదే వణుకు వస్తే సర్వీస్ సెంటర్ వేలు మీ టైర్ల వైపే చూపిస్తుంది, కాదని నిరూపించడం చాలా కష్టం. కనిపించిన ప్రతి లోపాన్నీ మొదటి సర్వీసు జాబ్ కార్డులో రాయించి కాపీ తీసుకోండి. నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు.

ఈలోగా వారంటీ బుక్‌లెట్‌లో "వర్తించనివి" అన్న పేజీలు పూర్తిగా చదవండి. మీకు కావలసిన సామాను కంపెనీ యాక్సెసరీల జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే, ధర కాస్త ఎక్కువైనా డీలర్ దగ్గరే బిగించి బిల్లు తీసుకోవడం మంచిది. లేకపోతే సర్వీస్ మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టండి: ఏ భాగం, ఎంత బరువు, ఎక్కడ బిగిస్తున్నారు, అభ్యంతరం ఉందా అని. జవాబు వస్తే దాచుకోండి. రాకపోయినా మీరు ముందే చెప్పినట్టు మీ ఈమెయిల్ రికార్డుగా మిగులుతుంది.

వైరింగ్: ఎక్కువ బండ్లు దెబ్బతినేది ఇక్కడే

ఇప్పటి బండ్లలో ఇంజిన్, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు జామ్ కాకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సన్నటి రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. మెలివేసి ఉండే ఆ జంట వైర్లని ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోనివ్వద్దు. మిగతా వైర్లనైనా గీకి, మెలిపెట్టి, టేపు చుట్టే జాయింట్లు ఒప్పుకోవద్దు. వానాకాలం తడికి ఆ జాయింటు పచ్చగా చిలుము పడుతుంది. అక్కడ రెసిస్టెన్స్ పెరిగి వోల్టేజీ పడిపోతుంది, వైరు వేడెక్కుతుంది. మీటరులో సంబంధం లేని హెచ్చరిక లైట్లు వెలుగుతాయి. సర్వీస్ సెంటర్‌లో డాష్‌బోర్డు విప్పగానే కనిపించేది ఆ టేపే. ఆ తర్వాత ఎలక్ట్రికల్ క్లెయిమ్ నిలబడటం కష్టం.

120 వాట్ల ఎల్ఈడీ బార్‌ని ఉదాహరణగా తీసుకుందాం. 12 వోల్టుల మీద అది 10 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజ్, 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 4 పిన్నుల 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి), మామూలు స్విచ్చి, ఒక ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజ్ పెట్టే చోట గుచ్చి కరెంటు తీసుకునేది) ఉంటే సరిపోతుంది. ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో, రాణిగంజ్‌లో దొరుకుతాయి. వైరు విషయంలో బేరమాడొద్దు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చూడటానికి ఒకేలా ఉంటుంది, కానీ త్వరగా వేడెక్కుతుంది. కొనేముందు కొస గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దనండి.

1. ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పండి.
2. పాజిటివ్ నుంచి వైరు తీసుకుని, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ పెట్టండి. ఫ్యూజ్ కాపాడేది లైటుని కాదు, వైరుని. బ్యాటరీకి దూరంగా పెడితే మధ్యలో ఉన్న వైరుకి రక్షణ ఉండదు.
3. ఫ్యూజ్ నుంచి రిలే 30వ పిన్నుకి, 87 నుంచి లైటుకి కలపండి.
4. 86వ పిన్నుకి స్విచ్చి ద్వారా కరెంటు ఇవ్వండి. దాన్ని ఇగ్నిషన్‌తో వచ్చే ఏదైనా చిన్న ఫ్యూజ్ నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో తీసుకోండి. కంపెనీ వైరు ఒక్కటీ కోయనక్కర్లేదు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజులు మాత్రం వద్దు.
5. 85వ పిన్నునీ లైటు ఎర్తునీ ఛాసీకి గానీ బాడీకి గానీ ఉన్న ఎర్త్ బోల్టుకి కలపండి. నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటే ఎర్తుని నేరుగా ఆ టెర్మినల్‌కి ఇవ్వకూడదు. అలా ఇస్తే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, ఛార్జింగ్ తప్పుగా జరుగుతుంది.
6. ఇంజిన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వైరుని ఇప్పటికే ఉన్న గ్రోమెట్ (రేకు చిల్లుకి ఉండే రబ్బరు రింగు) గుండానే తీసుకెళ్లండి. లోపలికి వెళ్లే ముందు వైరుని కిందికి వంచితే నీళ్లు ఆ వంపు దగ్గరే జారిపోతాయి.

వైరంతా గాడుల ప్లాస్టిక్ పైపులో వేసి, సైలెన్సర్‌కి దూరంగా, జానెడుకొక చోట కట్టండి. రోడ్డు మీద ఆ బార్ వెలిగించకూడదు, కవరు వేసి ఉంచండి. ఎదురొచ్చేవాళ్ల కళ్లు చెదిరిపోతాయి.

డాష్ కెమెరాకీ ఇదే పద్ధతి. పార్కింగ్ మోడ్ (బండి ఆపాక కూడా రికార్డు చేసేది) ఉంటే, వోల్టేజీ పడిపోగానే కెమెరాని ఆపేసే కట్-ఆఫ్ కిట్ తప్పనిసరి. లేకపోతే వారం రోజులు నిలిపిన బండి స్టార్ట్ కాదు, బ్యాటరీ వారంటీ అడగడానికీ నోరు రాదు.

బరువు లెక్క

ఆర్‌సీలో రెండు అంకెలుంటాయి: ఖాళీ బరువు, మొత్తం బరువు. ఆ తేడాలోనే మనుషులు, సామాను, మీరు బిగించేవన్నీ ఇమడాలి. తేడా 600 కిలోలు అనుకోండి. 70 కిలోల చొప్పున ఐదుగురు కూర్చుంటే 350 పోయింది. ఫైబర్ క్యానపీ (వెనక బెడ్ మీద బిగించే మూత గది) 60, దాని మీద రూఫ్ టెంటు 60, విడి సామాను 50 వేస్తే మిగిలేది 80. క్యానపీ ఆటోనగర్‌లో ఇనుముతో చేయిస్తే ఆ 80 కూడా ఉండదు. స్ప్రింగు పట్టాలు వంగినా, షాక్ అబ్జార్బర్లు కారినా ఓవర్‌లోడ్ అని రాసేస్తారు, అందులో తప్పుపట్టడానికీ ఉండదు. అన్నీ బిగించాక ఒకసారి ధర్మకాంటా (బండ్లు తూచే కాటా) ఎక్కించి చీటీ తీసుకోండి.

క్యానపీనైనా, బెడ్ కవర్‌నైనా అంచు పట్టీలకి క్లాంపులతో బిగించేదే ఎంచుకోండి. డ్రిల్లు పెడితే ఆ చిల్లు నుంచే తుప్పు మొదలవుతుంది, తుప్పు వారంటీ అక్కడితో సరి. తప్పనిసరై చిల్లు పెట్టాల్సి వస్తే ఇనుపరజను మొత్తం దులిపి, పచ్చి రేకుకి జింక్ ప్రైమర్, పైన పెయింటు వేసి గ్రోమెట్ పెట్టించండి. ఛాసీకి మాత్రం వెల్డింగ్ వద్దే వద్దు. ఆ వేడికి ఉక్కు బలం మారుతుంది, తర్వాత పగులు అక్కడి నుంచే పాకుతుంది.

బెడ్ లోపల విడిగా పరిచే ప్లాస్టిక్ లైనర్ చవక. కానీ కింద నీళ్లూ ఇసుకా చేరి, ఊగిసలాటకి పెయింటుని గీకేస్తాయి. ఏడాదికి రెండుసార్లు ఎత్తి కడిగే ఓపిక ఉంటేనే అది తీసుకోండి. స్ప్రే లైనర్ గట్టిది, అయితే ఒకసారి వేశాక ఊడదీయడం కుదరదు. కింద వేసే యాంటీ రస్ట్ కోటింగులో నీళ్లు కారే రంధ్రాలు, సైలెన్సర్, ప్రొపెల్లర్ షాఫ్ట్, సెన్సర్లు మూసుకుపోకుండా చూడండి. వేస్తున్నంతసేపూ పక్కనే నిలబడితే ఇంకా మేలు.

టైర్లు, ఎత్తు

కంపెనీ టైరు వ్యాసానికీ కొత్త టైరు వ్యాసానికీ తేడా 3 శాతం లోపే ఉండాలి. 265/60 ఆర్18 టైరు వ్యాసం సుమారు 775 మి.మీ. దానికి బదులు 265/65 ఆర్18 వేస్తే 802, అంటే 3.4 శాతం పెరిగింది. మీటరు 100 చూపిస్తుంటే మీరు నిజంగా వెళ్లేది 103 పైనే. బ్రేకుల మీదా గేర్ల మీదా భారం పెరుగుతుంది, ఫెండర్ లోపల రాసుకోవచ్చు. రిమ్ము మారిస్తే ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్న కొలత) కంపెనీదే ఉండాలి. చక్రం బయటికి పొడుచుకొస్తే వీల్ బేరింగు త్వరగా పోతుంది. నట్లు టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించి, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. పాత టైర్లు, రిమ్ములు అమ్మేయకండి.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లలో ముందు సస్పెన్షన్ ఎత్తు పెంచితే చక్రాలని తిప్పే డ్రైవ్ షాఫ్టుల కోణం పెరిగి, వాటి జాయింట్ల రబ్బరు తొడుగులు చిరగొచ్చు. వారంటీ ఉండగా ఎత్తు పెంచొద్దని మా గట్టి సలహా.

ఇంజిన్

ఇంజిన్ పవర్ పెంచడానికి చేసే రీమ్యాప్ (కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం), ట్యూనింగ్ బాక్స్ వద్దు. కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మారిన ఆనవాళ్లు తనిఖీలో బయటపడతాయి. బీఎస్6 డీజిల్ బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) తీసేయడం వారంటీ సంగతి అటుంచి చట్టరీత్యా నేరం. నూనె పూసిన ఎయిర్ ఫిల్టర్లలో నూనె ఎక్కువైతే గాలి కొలిచే సెన్సర్ మీద పొర కడుతుంది. స్నార్కెల్ (ఇంజిన్‌కి గాలి పైనుంచి తెచ్చే గొట్టం) పెడితే ఫెండర్ కోయాలి, పైగా యాక్సిల్, గేర్‌బాక్స్ బ్రీదర్లు (గాలి వదిలే సన్నటి గొట్టాలు) కిందే ఉంటాయి కాబట్టి లోతు నీళ్లలోకి ధైర్యంగా దిగడానికి లేదు. అండర్‌పాస్ నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. ఆ నష్టం వారంటీలోకి రాదు, ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి.

చట్టం, ఇన్సూరెన్సు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే చెప్పింది. అదే చట్టం 182ఎ సెక్షన్ కింద ఓనరుకి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డుని 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. గుద్దుకున్నప్పుడు దెబ్బ బంపరు వెనక సెన్సర్లకి అందాల్సిన తీరులో అందక ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు, ఎదుటి మనిషికీ ప్రాణాపాయం. అద్దాలకి నల్ల ఫిల్ము కూడా వద్దు. 2012 తీర్పు ప్రకారం ముందు వెనక 70 శాతం, పక్కన 50 శాతం వెలుతురు ఆ అద్దాల్లోంచే రావాలి. బండి రంగు మార్చితే ఆర్‌టీఏలో ఆర్‌సీ మార్పించుకోవాలి. సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులుంటే వాటికి తెరుచుకునే కుట్టున్న కవర్లే వేయండి.

బిగించిన సామాన్ల విలువని ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పి పాలసీలో రాయించండి. ఎలక్ట్రికల్ సామాన్లకి వాటి విలువలో సుమారు 4 శాతం ప్రీమియం అదనంగా ఉంటుంది. రాయించకపోతే ఆ సామాన్లకి డబ్బు రాదు.

క్లెయిమ్ కాదంటే

జీఎస్టీ బిల్లు, బిగించకముందూ బిగించాకా తీసిన ఫొటోలు, ధర్మకాంటా చీటీ, ఈమెయిళ్లు ఒకే ఫైల్లో పెట్టుకోండి. కౌంటరు దగ్గర వాదించకుండా, ఏ భాగం ఏ మార్పు వల్ల ఎలా చెడిందో రాసివ్వమని అడగండి. లైటు బార్ వల్ల గేర్‌బాక్స్ ఎలా చెడిందో కాగితం మీద పెట్టడం ఎవరికైనా కష్టమే. రాతపూర్వక జవాబు తీసుకుని కంపెనీ కస్టమర్ కేర్‌కి పంపండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బండికి చెల్లించిన ధర 50 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. ఒక్క జాగ్రత్త: వ్యాపారం కోసం కొన్న బండికి ఆ తలుపు తెరుచుకోదు. సొంతంగా నడుపుకుని బతకడానికి కొన్నవాళ్లకి మాత్రం మినహాయింపు ఉంది, కాబట్టి కొనేటప్పుడే బిల్లు, లోను కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో, వాడకం ఏమని రాశారో చూసుకోండి.